రెండో గిన్నె పళ్ళు

పెద్దవి తేనా, చిన్నవి తేనా అని కోడలు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అడిగింది. అడిగి కాసేపు అక్కడే నిలబడింది. అత్తగారు వినపడనట్టు ట్రే మీదికి వంగి పళ్ళు సర్దుతూ ఉండిపోయింది. వినపడకేం, చెవులు నిక్షేపంగా ఉన్నాయి, కింది వాటా టైలరమ్మ మిషను మీద దారం తెగినా ఇక్కడికి తెలుస్తుంది, అరిగిపోయినవి మోకాళ్ళే గాని చెవులు కావు. "సరే, కొట్టు దగ్గర నుంచి ఫోన్ చేస్తాను, అప్పటికైనా చెప్పండి అత్తయ్యా" అని తలుపు దగ్గరగా లాగి కోడలు మెట్లు దిగింది. ఆ అడుగులు మొదటి మలుపు దగ్గర ఆగి, ఏమనుకున్నాయో మళ్ళీ కదిలి, వీధి తలుపు గడియ చప్పుడుతో అయిపోయాయి. అడిగింది సంచుల మాటే. చలికాలానికి పళ్ళు దాచుకునే సంచులు, నోరు నొక్కితే మూసుకునేవి, ఫ్రీజర్లో పెట్టేవి. పోయినేడు కొన్నవి అయిపోయాయి. పెద్దవనో చిన్నవనో ఒక్క మాట అంటే పోయేది. కానీ ఈ ఇంట్లో పెద్ద సంచి ఇద్దరికి, చిన్న సంచి ఒక్కరికి, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, తెలిసే అది అడిగింది, తెలిసే ఈవిడ చెవుడు తెచ్చుకుంది.

పొద్దున్నుంచి అసలు మాట ఇంకొకటి ఇంట్లో తిరుగుతోంది. బల్లకు ఈ పక్క తను, ఆ పక్క కోడలు, మధ్యన రెండు గిన్నెల నిండా పళ్ళు, తొడిమలు తీస్తున్నారు. రైలు కట్ట వెంబడి ముళ్ళ పొదల్లో కాసే నల్ల బెర్రీలు అవి, ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎండలు ముదిరాక నాలుగు రోజులు విరగకాసి మాయమైపోతాయి, ఆ నాలుగు రోజుల్లో కోసుకున్నవాళ్ళకు కోసుకున్నంత. నిన్న ఇద్దరూ వెళ్ళి మోచేతుల దాకా గీరించుకుని కోసుకొచ్చారు. "అత్తయ్యా, లిఫ్టు మెకానిక్ అడిగాడు" అంది కోడలు, కళ్ళు పండు మీద నుంచి ఎత్తకుండా. "ఏమడిగాడు?" అంది ఈవిడ, ఏమడిగి ఉంటాడో తెలిసీ. "నన్ను చేసుకుంటానని." తొడిమ ఒక పక్కకి, పండు ఒక పక్కకి, తొడిమ, పండు. "నువ్వేమన్నావు?" "మిమ్మల్ని అడిగి చెప్తానన్నాను. మీరు ఊ అంటే ఊ. వద్దంటే వద్దు, మళ్ళీ ఆ మాట ఎత్తను. సాయంత్రం డ్యూటీ దిగి బస్టాపు దగ్గర ఉంటాడు, ఏదో ఒకటి చెప్పాలి." దానికి ఈవిడ చెప్పిన జవాబు ఏమిటయ్యా అంటే, ముందు ఈ పళ్ళ సంగతి చూడు, చెడిపోతాయి. ఆహా, ఏం జవాబు. ఒక పిల్ల తన బతుకు తెచ్చి బల్ల మీద పెడితే, పళ్ళు చెడిపోతాయట. నిజంగానే మళ్ళీ ఎత్తదు ఆ మాట, అదొక మొండిఘటం. వద్దు అని అత్త అంటే ముఖం కూడా ముడుచుకోదు, రేపు పొద్దున మామూలుగా లేచి, మామూలుగా కాఫీ కలిపి, మామూలుగా కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళిపోతుంది. అదే భయంగా ఉంది. అరిచి గోల చేసే కోడలైతే ఎంత హాయి, కాదనడానికి చేతినిండా కారణాలు దొరికేవి.

ట్రే నిండింది. ఒక్కో పండు దేనికదే, ఒకటికొకటి తగలకుండా, వేలు పట్టేంత సందు వదిలి పరిచింది. పళ్ళు కుళాయి కింద పెట్టకూడదు, తోలు చితికిపోతుంది, గిన్నెలో నీళ్ళు పోసి పైపైన ముంచి తీయాలి, పాత నూలు గుడ్డ మీద దొర్లించి ఆరబెట్టాలి, నీటి చుక్క మిగిలిందంటే అదే మంచై రెండు పళ్ళను అతికిస్తుంది. ఇవన్నీ కోడలు నేర్పిన పాఠాలు. సామాన్ల గదిలో ఫ్రీజరు మూత ఎత్తితే చల్లటి పొగ మొహానికి తగిలింది. అది చిన్న ఫ్రీజరు, ఒకసారికి ఒక్క ట్రేనే పడుతుంది, అవి రాళ్ళలా బిగిశాక తీసి సంచుల్లో పోసి, అప్పుడు రెండో గిన్నె సంగతి. సంచి ఒకసారి తెరిస్తే లోపలికి గాలి దూరుతుంది, దూరిందంటే నాలుగు రోజుల్లో పళ్ళ మీద తెల్లటి పొడి లేచి రుచి చస్తుంది, అందుకని తెరిచిన సంచి వెంటనే ఖాళీ కావాలి, అందుకనే ఇద్దరికి పెద్దది. ఒక్కరికి పెద్ద సంచి తెరిస్తే సగం చెత్తబుట్ట పాలు. ఇంత తెలివైన ఏర్పాటు చేసిన పిల్లే ఇప్పుడు ఏ సంచి అని అడిగి వెళ్ళింది. మూత వేసింది. ఇక గంటసేపు ఆవిడ చెయ్యాల్సిందేమీ లేదు, ఫోన్ మోగేదాకా కూర్చోవడమే.

కూర్చుంటే కుర్చీ కిర్రుమంది. ఎదుటి కుర్చీ ఖాళీ. వద్దు అనవచ్చు. అదేం పెద్ద మాట, రెండక్షరాలు, పెదాలు కూడా కలవవు. వద్దు అననక్కర్లేదు కూడా, పెద్ద సంచులు తే అంటే చాలు, ఆ పిల్ల అర్థం చేసుకుంటుంది, సరే అత్తయ్యా అంటుంది, పెద్దవే తెస్తుంది, బస్టాపు దగ్గర అతనికి ఏదో చెప్పి పంపేస్తుంది, చలికాలం ఎప్పట్లాగే వస్తుంది. పొద్దున్నే కిటికీ అద్దాల మీద ఆవిరి, రెండు గిన్నెల పెరుగు, పైన గుప్పెడు గుప్పెడు నల్ల పళ్ళు, అవి కరుగుతుంటే పెరుగులో ఊదా చారలు. ఎవరిని మోసం చేసినట్టు? అది చిన్నపిల్ల కాదు. కొడుకు పోయినప్పుడు దాని వాళ్ళు వచ్చి పెట్టె సర్దమంటే, అత్తయ్యతో ఉంటాను అని పెట్టె మంచం కిందికి తోసింది తనే. అప్పుడు ఈవిడ ఒక్క మాట, ఒక్క మాటైనా, నా సంగతికేంలే వెళ్ళమ్మా అని అనలేదు. ఏడుస్తూ ఉన్నాను కాబట్టి అనలేదు అనుకోవచ్చు. ఏడుపు ఆగాక కూడా అనలేదుగా. ఉందిలే, ఉండనీ అనుకుంది. నాలుగు చలికాలాలు అలా ఉండనిచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల లేకపోతే కాలిగోళ్ళు ఎవరు తీస్తారు, మోకాళ్ళు వంగవు, మందుసీసా మీద చీమల్లాంటి అక్షరాలు ఎవరు చదువుతారు, ఈ కళ్ళజోడు కూడా దాని చేత్తో అద్దాలు అరగదీసి బిగించిందే. అబ్బే, గోళ్ళూ సీసాలూ కాదు అసలు సంగతి, అబద్ధాలు ఎవరికి చెప్తున్నావే ముసలిదానా. రాత్రి పక్కగదిలో ఒక మనిషి పక్క మీద అటునుంచి ఇటు దొర్లితే మంచం చేసే చప్పుడు, అది వినకుండా నిద్ర పట్టదు. అదీ సంగతి.

మీరూ మాతో వచ్చేయండి అంది మధ్యాహ్నం, గుడ్డ మీద పళ్ళు దొర్లిస్తూ. అతనూ అదే అన్నాడట. అతనిది ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారాలి. కొత్త కాపురంలో నేనెందుకే పానకంలో పుడకలా అని నవ్వేసింది ఈవిడ. నవ్వు సరిగానే వచ్చింది. మొదటి మొగుడి తల్లి అని పక్కింటి వాళ్ళకు పరిచయం చేస్తారా ఏమిటి. అతనికి అత్తా కాదు, అమ్మా కాదు, పిలవడానికి ఒక వరస లేదు, వరస లేని మనిషి ఇంట్లో ఎక్కడ కూర్చుంటుంది? అత్త లేని కోడలుత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. చిన్నప్పట్నుంచి విన్న సామెతే, ఎంత నవ్వుకునేవాళ్ళు. ఇన్నాళ్ళకి ఆ గుణం తనకూ పట్టబోతోందన్నమాట. ఎవరిక్కావాలి ఆ గుణం, తీసుకెళ్ళి ఏట్లో కలపనా.

చెడ్డవాడైనా బాగుండేది. పోయిన నెల వచ్చాడు ఇంటికి, కోడలు పనిచేసే బిల్డింగులో లిఫ్టు చూసేవాడు, నాలుగో అంతస్తులో కళ్ళజోళ్ళ దుకాణం, ఆ లిఫ్టు అంత తరచుగా ఎందుకు చెడిపోయేదో ఆ పైవాడికే తెలియాలి. ఆదివారాలు కోడల్ని బయటికి పిలిచేవాడు, ఈవిడకు సరిగ్గా ఆదివారాలే మోకాళ్ళు పొడిచేవి. నొప్పి అబద్ధం కాదు. ఆదివారం మీద దానికంత అభిమానం ఎందుకో. సరే, వచ్చాడు, గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు, ఎంత రుద్దుకున్నా పోని రకం, కుర్చీ అంచున కూర్చున్నాడు. లిఫ్టబ్బాయ్ అని ఈవిడ మనసులో పేరు పెట్టేసింది. గోడ మీద కొడుకు ఫోటో చూశాడు. వచ్చినవాళ్ళందరూ ఆ ఫోటో వైపు చూసి టక్కున కళ్ళు తిప్పేసుకుంటారు, టీ బాగుందంటారు, ఎండలంటారు. అతను తిప్పుకోలేదు. "ఈయన ఏం పని చేసేవారండీ?" అని అడిగాడు. లారీ, అంది ఈవిడ. "దూరాలు వెళ్ళేవారా?" వెళ్ళేవాడు బాబూ, అంటూ మొదలుపెట్టి, టీ చల్లారిపోయేదాకా చెప్పింది, లారీ రంగు, హారను మోత, వీధి మలుపులో ఉండగానే హారను కొట్టి అన్నం వడ్డించమనేవాడని. అతను విన్నాడు. అతను వెళ్ళాక ఈవిడకు కోపం వచ్చింది, తన మీద తనకే, అంత ఇష్టంగా చెప్పినందుకు.

వాడికి ఈ పళ్ళంటే పిచ్చి. అప్పుడు ట్రేలూ లేవు, సంచులూ లేవు, ఈ విడివిడి వ్యవహారమే తెలియదు. కోసుకొచ్చిన పళ్ళు గిన్నెలో జాడించి, నీళ్ళు ఓడుతూ ఉండగానే బ్రెడ్డు వచ్చిన సంచిలో పోసి, మూతి ముడేసి ఫ్రీజర్లో పడెయ్యడమే. చలికాలానికి అది బండరాయి. వాడు లారీ మీంచి వచ్చి, చొక్కా కూడా మార్చకుండా, అమ్మా సుత్తి ఎక్కడ అనేవాడు. అటక మీద నుంచి సుత్తి, దండెం మీద నుంచి పాత తువ్వాలు, గడ్డను తువ్వాలులో చుట్టి వంటింటి గచ్చు మీద పెట్టి, మోకాలు ఆనించి, "జరుగమ్మా, కంటికి తగులుతుంది" అని ఒక్కటి వేసేవాడు. తువ్వాలు విప్పితే ముక్కలు, ఊదా రంగు మంచు, కొన్ని ఎగిరి అలమర కిందికి పోయేవి, వేసవిలో అలమర జరిపితే నల్లగా మరకలు. పెద్ద ముక్క ఏరి, "నోరు తెరు" అనేవాడు. వద్దురా పళ్ళు జివ్వుమంటాయి అంటున్నా వినేవాడు కాదు. పెళ్ళయ్యాక మొదటి ముక్క కోడలికి పోయింది, రెండోది తల్లికి వచ్చింది, అదొక చిన్న ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. ఆ చప్పుడుకి కింద టైలరమ్మ చీపురు కర్రతో పైకప్పు పొడిచేది. వాడు కావాలని ఇంకో రెండు దెబ్బలు వేసేవాడు.

తర్వాత మంచు పడ్డ రోడ్డు మీద లారీ జారింది. అంతే, దాని గురించి అంతకన్నా ఆలోచించకూడదని ఆవిడ తన తలకు నేర్పుకుంది, తల కూడా చాలావరకు విన్నది. ఆ చలికాలం చివర్లో ఒకరోజు ఫ్రీజరు కడుగుదామని తెరిస్తే అడుగున గడ్డ. ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు. కోడలే అంది, పగలగొడదాం అత్తయ్యా అని. తువ్వాలులో చుట్టి, గచ్చు మీద పెట్టి, కోడలు సుత్తి ఎత్తి కొట్టింది, అది జారి పక్కకి పోయింది, గచ్చు పెచ్చు ఎగిరింది. ఈవిడ కొట్టింది. మళ్ళీ కోడలు. ఎంత కొట్టినా ఒక మూల కాస్త నలిగింది గాని పగల్లేదు, దెబ్బ వెయ్యడంలో ఏదో కిటుకు ఉంది, వాడికి తెలుసు, వీళ్ళకు తెలియదు, వాడెప్పుడూ చెప్పలేదు, వీళ్ళెప్పుడూ అడగలేదు. చప్పుడుకి టైలరమ్మ తిట్టడానికి మెట్లెక్కి వచ్చింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, గుమ్మంలో నిలబడి, గచ్చు మీద కూలబడ్డ ఇద్దరినీ, మధ్యలో తువ్వాలునీ చూసి, ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి దిగిపోయింది. ఆ గడ్డను బేసిన్‌లో వదిలేశారు. మర్నాటికి కరిగింది. కరిగినది మళ్ళీ గడ్డ కట్టించకూడదు, కడుపులో తిప్పుతుంది, పారెయ్యడానికి చెయ్యి రాదు, అందుకని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పొద్దునా మధ్యాహ్నం రాత్రీ అవే తిన్నారు, నాలుకలు నల్లబడేదాకా, ఇక చాలు అని ఎవరూ ముందు అనలేదు. ఆవిడ బతుకులో తిన్న తిండి అంతా ఒక ఎత్తు, ఆ బేసిన్ ఒక ఎత్తు.

మరుసటి వేసవిలో కోడలు దుకాణం నుంచి వస్తూ ట్రే కొనుక్కొచ్చింది. ఇలా విడివిడిగా పరిస్తే దేనికదే గడ్డ కడుతుంది అత్తయ్యా, ఎన్ని కావాలంటే అన్నే తీసుకోవచ్చు, ఇక సుత్తి అక్కర్లేదు అంది. ఇక సుత్తి అక్కర్లేదు, ఎంత మామూలుగా అంది. ఈవిడ ఆ రాత్రి ఆ మాట పట్టుకుని ఏడ్చింది, అయినా పొద్దున్నే లేచి పళ్ళు పరిచింది. అలా పరిచీ పరిచీ చేతులకు అలవాటైంది. బాగానే బతికారు ఇద్దరూ. బాగానే అంటే ఏమిటి? నిన్న రైలు కట్ట దగ్గర, పొదకు అటువైపు కోడలు, ఇటువైపు తను. అటునుంచి కూనిరాగం వినిపించింది. మొదట ఎవరో దారిన పోయేవాళ్ళు అనుకుంది. పాటేమీ కాదు, ఊరికే ముక్కుతో, పండు కోసినప్పుడు ఒకటి, డబ్బాలో వేసినప్పుడు ఒకటి. పెళ్ళైన కొత్తలో ఇంట్లో పొద్దస్తమానం అదే గోల, ఆపవే తల్లీ బుర్ర తినేస్తున్నావ్ అని విసుక్కునేది ఈవిడ. మళ్ళీ ఇన్నేళ్ళకి. కొమ్మలు పక్కకి తప్పించి చూసింది. కోడలు తలెత్తి అత్త మొహం చూసింది. ఆపేసింది.

ఆపేసింది. ఎందుకాపింది? తను ఏమీ అనలేదు. కళ్ళెర్ర చెయ్యలేదు. తిట్టడానికి కూడా నోరు తెరవలేదు. ఊరికే చూసింది. ఆ పిల్ల ఎంత చప్పున ఆపిందంటే, ఆపడం దానికి కొత్త కాదన్నమాట, తన మొహం కనబడ్డప్పుడల్లా ఆపడం అలవాటైపోయిందన్నమాట. ఈ ఇంట్లో పాట లేకుండా పోవడానికి కారణం గోడ మీద ఫోటో అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. కాదు. ఫోటో ఏం చేస్తుంది పాపం, అది నవ్వుతూనే ఉంది. తన మొహం. తన మొహం చూసి ఆ పిల్ల నాలుగు చలికాలాలు నోరు మూసుకుంది. పెద్ద సంచులు తే అంటే ఇంకా మూసుకుంటుంది, ఎన్నేళ్ళయినా, మారు మాట్లాడకుండా, పొద్దున్నే కాఫీ కలుపుతూ. లేచింది. ఎందుకు లేచిందో తెలియలేదు, నీళ్ళు తాగుదామనుకుంది.

అప్పుడు చూసింది బల్ల మీద. ఒక గిన్నె ఖాళీ, అది ట్రేలోకి వెళ్ళింది. రెండో గిన్నె కూడా ఖాళీ. అడుగున ఊదా నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఇదేమిటి, పళ్ళేవి? చేతులు చూసుకుంటే తడి, జాకెట్టు చేతి మీద ఊదా మరక. గుడ్డ దండెం మీద ఆరిపోయి వేలాడుతోంది, రెండోసారి ఎవరూ వాడలేదు. సామాన్ల గదిలోకి వెళ్ళి ఫ్రీజరు మూత ఎత్తింది. ట్రే పక్కన ఇరుకులో, నీళ్ళు ఓడుతూనే, పాత బ్రెడ్డు సంచిలో బిర్రుగా పోసి, మూతి ముడేసి, రెండో గిన్నె పళ్ళు. ఈ చేతులే చేశాయి. వాడి సుత్తి గురించి తలుచుకుంటూ తను ఎక్కడో ఉంటే, చేతులు వాటి పాత పని అవి చేసుకుపోయాయి, ఎప్పుడు లేచిందో, ఎప్పుడు కుర్చీలోకి వచ్చి పడిందో కూడా తెలియదు. ఎవరికైనా చెప్తే మతి పోయిందంటారు. ఇప్పుడే తీసి గుడ్డ మీద పోస్తే నష్టమేమీ లేదు, ఇంకా మెత్తగానే ఉన్నాయి. చెయ్యి లోపల పెట్టింది. ఫోన్ మోగింది.

చెయ్యి తీసి, చీర కుచ్చెళ్ళకు తుడుచుకుని, ఎత్తింది. వెనక బస్సు ఇంజను చప్పుడు, ఎవరో చిల్లర అడుగుతున్నారు. "అత్తయ్యా, కొట్టు దగ్గరున్నాను. పెద్దవా, చిన్నవా?" గొంతులో ఏమీ లేదు. ఏమీ లేకుండా చెయ్యడానికి ఆ పిల్ల ఎంత కష్టపడుతోందో ఈవిడకు తెలిసింది.

"చిన్నవి తే" అంది.

అటు నుంచి చిల్లర గలగల మాత్రం వచ్చింది.

"విన్నావా? చిన్నవి. నాకొక్కదానికి చాలు. సంచుల సంగతి అయిపోయింది, ఇప్పుడు అసలు సంగతి చెప్తాను, తిన్నగా విను, నేను మళ్ళీ చెప్పలేను. అతనికి సరేనని చెప్పు. నాకు ఇష్టమై అంటున్నాననుకోకు. నువ్వు వెళ్ళడం నాకు ససేమిరా ఇష్టం లేదు. నువ్వెళ్ళాక కూర్చుని ఏడుస్తాను. అయినా వెళ్ళమంటున్నాను. రెండూ నిజమే. అప్పుడే అనాల్సింది, మీ వాళ్ళు వచ్చినప్పుడే. ఆలస్యమైంది."

"అత్తయ్యా..." అంది కోడలు. బస్సు ఒకటి వెళ్ళిపోయింది. "నేను వచ్చి మాట్లాడతాను, మీరేం కంగారు పడకండి."

"మాట్లాడేదేముంది, పళ్ళు బిగిసిపోతున్నాయి. చెప్పేసి రా."

ఫోన్ పెట్టి, మళ్ళీ సామాన్ల గదిలోకి వెళ్ళింది. మూత ఎత్తి బ్రెడ్డు సంచి మీద చెయ్యి వేసింది. పైపైన గరుకు మొదలైంది, లోపల ఇంకా మెత్తన, వేళ్ళు నొక్కితే కదులుతున్నాయి. తీయాలి. తీసి గుడ్డ మీద పోయాలి. వేళ్ళు తిమ్మిరెక్కేదాకా అలాగే నిలబడింది. తీయలేదు. ఇల్లు అప్పుడే పెద్దదైపోయినట్టుంది, ఫ్రీజరు మోటారు గురగుర తప్ప ఏ చప్పుడూ లేదు, కింద టైలరమ్మ మిషను కూడా ఆపేసింది. ఇలా ఉంటుందన్నమాట అనుకుంది. సరే, ఇలాగే ఉంటుంది. బయటికి వచ్చి కుళాయి తిప్పి ఊదా చేతులు కడుక్కుంది, రంగు పోలేదు.

కోడలు వచ్చేటప్పటికి వెలుగు తగ్గింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, బల్ల మీద పొట్లం పెట్టింది. చిన్న సంచులు. ఈవిడ ఆ పొట్లం వైపు చూసి, మనసులో ఏ మూలో ఇది పెద్దవి తెస్తుందేమో, మాట వినదేమో అని ఆశ ఉండిందని అప్పుడు తెలుసుకుంది. విన్నది. ఎప్పుడు వినలేదు గనక.

"కళ్ళెందుకలా ఉన్నాయి?"

"గాలికి అత్తయ్యా."

"ఊ, గాలే. ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. బస్సు వచ్చింది, ఎక్కడం మర్చిపోయాడు. ఇంకో బస్సు వచ్చింది, అదీ వదిలేశాడు."

"లిఫ్టులు బాగుచేసేవాడికి బస్సు ఎక్కడం రాదన్నమాట" అంది ఈవిడ. కోడలు నవ్వబోయి నవ్వలేక పక్కన కూర్చుని, అత్తగారి భుజానికి నుదురు ఆనించింది. ఈవిడ ఊదా చేత్తోనే ఆ తల నిమిరింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఏడ్చారో చెప్పడం కష్టం, కాసేపు అలా అయింది, తర్వాత లేచారు, పళ్ళు ఆగవు గదా. ట్రే తెచ్చి బల్ల మీద పెడితే పళ్ళు గోళీల్లా గలగలమన్నాయి, ఒక్కటి కూడా అతుక్కోలేదు. ఈవిడ సంచి మూతి పట్టుకుంటే కోడలు దోసిళ్ళతో పోసింది. చిన్న సంచి ఇట్టే నిండింది. ఇంకొకటి. ఇంకొకటి. ఎంత చిన్నవో ఇవి, అనుకుంది ఈవిడ, పైకి అనలేదు.

"రెండో గిన్నె పరుద్దాం" అంటూ కోడలు వెనక్కి తిరిగి, ఖాళీ గిన్నె చూసి, సామాన్ల గదిలోకి వెళ్ళింది. మూత ఎత్తిన చప్పుడు. "అత్తయ్యా, ఇదేమిటి? తడి కూడా ఆరకుండా ఇలా బ్రెడ్డు సంచిలో... మొత్తం ఒకటే గడ్డ అయిపోతుందే."

ఈవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది. "అవుతుంది."

"ఇంకా పూర్తిగా బిగియలేదు లెండి. తీసేస్తాను, ఒక్కొక్కటీ విడదీసి పరుద్దాం" అని కోడలు చెయ్యి లోపల పెట్టింది.

"ఉండనీ."

"ఉండనిస్తే ఎలాగండీ? చలికాలంలో బండరాయి అయి కూర్చుంటుంది. మీ వల్ల అవుతుందా పగలగొట్టడం?"

"నా వల్ల కాదు" అంది అత్తగారు. "నీ వల్లా కాదు, చూశాంగా. అందుకే ఉండనీ అంటున్నాను. చలి ముదిరాక ఒకరోజు అతన్ని వెంటబెట్టుకుని రా. సుత్తి అటక మీదే ఉంది, ఎక్కడికీ పోలేదు. తువ్వాలులో బాగా చుట్టమని చెప్పు. నిన్ను కాస్త దూరంగా జరగమనాలి, కంటికి తగులుతుంది."

కోడలు ఫ్రీజరు మీద వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. చల్లటి పొగ ఆమె చేతుల చుట్టూ కిందికి జారుతోంది. "చప్పుడుకి టైలరమ్మగారు పైకి వస్తారు అత్తయ్యా" అంది చివరికి.

"రానీ."

కోడలు బ్రెడ్డు సంచి మూతి ఇంకాస్త గట్టిగా ముడేసి, దాన్ని అడుగుకి తోసి, మూత వేసింది.